పది చుక్కల సంగతి

తిరుపతి,
9 నవంబరు 1995.

ప్రశాంతీ,

ఉత్తరమంటే మొదట క్షేమం రాయాలి కదా. ఊళ్ళో మా అమ్మా నాయనా బాగున్నారు. ఇంటి ఓనరు ముసలామె బాగుంది, కొళాయి దగ్గర అందరితోనూ పోట్లాడుతూనే ఉంది. నేనూ తిరుగుతున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాసి, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు క్షేమంగా లేవని తెలిసీ ఆ మాట రాస్తే, ఉత్తరం అక్కడే మడిచి అవతల పెడతావు. నీ సంగతి నాకు తెలుసు.

నీ ఉత్తరం సోమవారం అందింది. పుట్టింట్లో మా అత్త చూడకుండా రాశానన్నావు, అక్షరాలు చూస్తేనే తెలిసింది. నాలుగు సంగతులు అడిగావు. తింటున్నానా లేదా అని. నా లోహం ఏమైందని. పోయిన బిడ్డే మళ్ళీ నీ కడుపున పుడుతుందని అత్త అంటున్నది నిజమేనా అని. నాలుగోది, ఆస్పత్రిలో సగం మత్తులో ఉండగా బిడ్డ ఏడుపు విన్నానని. అత్తను అడిగితే, "సచ్చి పుట్టిన బిడ్డ యాడన్నా ఏడుస్తాదా? పక్క మంచం బిడ్డ ఏడ్చింటాది, మత్తులో నీకట్ల అనిపించినాది" అందట. మళ్ళీ మళ్ళీ అడిగితే, నీకు మతి తప్పుతోందని చెట్టు కింద స్వామి దగ్గర తాయెత్తు కట్టించుకొచ్చిందట. "నాకు నిజంగానే మతి పోతోందా బావా, నువ్వయినా చెప్పు" అని రాశావు.

ఆ నాలుగోదాని దగ్గరికి ఒక్కసారిగా రాలేను. దాటేసి మాత్రం పోను. నన్ను కొంచెం నడవనివ్వు.

తింటున్నాను. ఎట్లా తింటున్నానని అడగొద్దు. అన్నం వండుకుని కూర మెస్సు నుంచి తెచ్చుకుంటున్నాను. మొన్న చారు పెట్టాను. వెయ్యి డిగ్రీల కొలిమిని అదుపులో పెట్టే మనిషికి కిరసనాయిలు స్టవ్ మీద చారు పొంగకుండా చూసుకోవడం చేతకాలేదు. నువ్వుంటే వారం రోజులు ఆ ఒక్క మాటతోనే నన్ను ఆడుకునేదానివి. స్టవ్ తుడుస్తూ నీ గొంతుతో నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇక లోహం. పెళ్ళైన కొత్తలో, ఈ వయసులో ఇంకా ఏం చదువని నువ్వు అడిగితే, అల్యూమినియం, రాగి, ఇనుము కలిపి కరిగిస్తానని చెప్పాను. "సత్తు గిన్నె, రాగి చెంబు, ఇనప పెనం కలిపి పొయ్యి మీద పెట్టేదానికి పీహెచ్‌డీనా?" అని నవ్వావు. పాళ్ళు కుదిరి, చాలా రోజులు సన్నటి వేడిలో ఉంచితే ఆ మూడింటిలో దేనికీ లేని గుణాలు వస్తాయని చెప్పాను. వేడిని సరిగా సాగనివ్వదు, సుత్తితో కొడితే గాజులా పగులుతుంది, దాని మీద ఏదీ అంత తొందరగా అంటుకోదు. "అయితే ముందు నాకు దోసెల పెనం చేసియ్యి" అన్నావు. ఏదో దేశంలో నిజంగానే పెనాలకు ఆ పూత పూస్తున్నారని తర్వాత పత్రికలో చదివి నీకు చెబితే, ఇక చూసుకో, నాకంటే ముందు నువ్వే కనిపెట్టినట్టు మా అమ్మకు కూడా చెప్పుకున్నావు.

దాని లోపలి అమరిక అర్థం కావాలని పెళ్ళి పత్రికల అట్టలు కత్తిరించి నీకిచ్చాను, గుర్తుందా? అప్పుడు నీకు అయిదో నెల. మామూలు లోహంలో పరమాణువులు చీర అంచులో బుటాల మాదిరి ఉంటాయి. ఒక జానెడు చూస్తే చాలు, చీర పొడుగునా అదే వస్తుంది. నాలుగు మూలల బండలతో నేలంతా పరవవచ్చు. తేనెపట్టు గదుల్లాగా ఆరు మూలలవాటితోనూ పరవవచ్చు. అయిదు మూలల బండలతో పరిస్తే మధ్యలో సందులు పడతాయి. అందుకే అయిదు వైపుల పొందిక ఏ లోహంలోనూ ఉండదని పుస్తకాలన్నీ చెప్పాయి. ఈ లోహంలో ఉంది. లావు ముక్క ఒకటి, సన్న ముక్క ఒకటి, ఈ రెండు రకాలనూ ఒక పద్ధతిలో పేరిస్తే సందు లేకుండా నేల నిండుతుంది. పద్ధతి ఉంది, అయినా చీర అంచు మాదిరి ఇంత దూరానికొకసారి అదే తిరిగి రాదు.

నువ్వు సిమెంటు నేల మీద కాళ్ళు చాపుకుని పేర్చడం మొదలుపెట్టావు. బాగా వచ్చింది, వచ్చింది, ఒక చోట వచ్చి ఆగింది. అక్కడ ఏ ముక్కా పట్టలేదు. నేను ముక్కలు సరిగా కత్తిరించలేదని నా మీద ఎగిరావు. అసలు తప్పు అక్కడ లేదు. ఎప్పుడో మొదట్లో నువ్వు పెట్టిన ఒక ముక్క తప్పు. పెట్టినప్పుడు చక్కగా అతికింది. దాని తర్వాతవీ అతికాయి. చాలా దూరం వచ్చాక గానీ సందు బయటపడలేదు. నేనది చూపిస్తే నువ్వు మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టావు. రెండోసారి పేర్చింది ఇంకా మంచం పక్కనే ఉంది. ఊడ్చేటప్పుడు దాని చుట్టూ ఊడుస్తున్నాను.

సెప్టెంబరులో నేను మద్రాసు వెళ్ళింది ఆ లోహాన్ని పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టడానికే. మా గైడు దొరస్వామి సార్‌కు ముందు నుంచీ అనుమానమే. "కవల స్ఫటికాలప్పా అవి. మామూలు ముక్కలే అయిదు పక్కపక్కన సేరి నిన్ను మోసం జేస్తా ఉండాయి" అని పంపించారు. అనుమానం తీర్చుకునే దారి ఒకటుంది. ఆ లోహం గుండా ఎలక్ట్రాన్లను పంపితే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. అందులో ఒక్క చుక్కను మాత్రం తీసుకుని, దాంతోనే లోహాన్ని చూడాలి. కవలలైతే ఆ చుక్కకు సంబంధించిన ముక్క ఒక్కటే వెలుగుతుంది. నాది మొత్తం వెలిగింది. ఏ చుక్కతో చూసినా మొత్తం వెలిగింది. ఫిల్ము కడిగి చూస్తే మధ్యలో ఒకటి, దాని చుట్టూ పది చుక్కలు, వాటి చుట్టూ మళ్ళీ పది. రెండేళ్ళుగా దాని కోసమే కొలిమి ముందు కూర్చున్నాను. ఫిల్ము ఇంకా తడిగా ఉండగానే హాస్టలు కుర్రవాడొచ్చి, చిత్తూరు నుంచి ఫోనొచ్చింది, మీ ఇంట్లోవాళ్ళకు ఫిట్సట, ఆస్పత్రిలో చేర్చారట అన్నాడు.

సార్ ఇప్పుడు ఒప్పుకున్నారు. పేపరు రాసి పంపించమంటున్నారు. రాయలేకపోతున్నాను. ఆ చుక్కలు చూస్తే నాకు ఆ రోజే కనబడుతోంది.

ఈ రకం పది చుక్కలను మొదట చూసినవాడు ఎక్కడో వేరే దేశంలో ఉన్నాడు. పదేళ్ళు దాటింది. చూశానని చెబితే తోటివాళ్ళే నవ్వారట. పాఠ్యపుస్తకం చేతిలో పెట్టి, మళ్ళీ మొదట్నుంచి చదువుకో అన్నారట. ఈ సంగతి నీకు చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. కళ్ళారా చూసినవాణ్ణి పట్టుకుని నువ్వు చూడలేదంటారా, వీళ్ళూ మనుషులేనా అని అరిచేవాణ్ణి. నీ ఉత్తరం చదివాక ఆ మాట అనడానికి నాకు మొహం లేకుండా పోయింది.

ప్రశాంతీ, నీకు మతి పోలేదు. నువ్వు విన్నావు. మన బిడ్డ ఏడ్చింది.

నేను తెల్లవారేసరికి మద్రాసు బస్సు దిగి ఆస్పత్రికి వచ్చాను. అప్పటికే నిన్ను లోపలికి తీసుకుపోయారు. నేనూ మామా తలుపు బయట నిలబడి ఉన్నాం. ఏడుపు పెద్దది కాదు. పిల్లికూన గొంతు, తెగి తెగి వచ్చింది. మామ నా భుజం గట్టిగా పట్టుకుని, "ఏడ్చినాదప్పా! ఇన్నావా, ఏడ్చినాది!" అన్నాడు. ఆ మనిషి మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. నీకు ఏమీ తెలియని స్థితిలో కూడా ఆ గొంతు అందిందంటే, మాకెవ్వరికీ లేని చెవులు నీకున్నాయి.

ఏడో నెల బిడ్డ, ఊపిరితిత్తులు తయారు కాలేదని డాక్టరు చెప్పాడు. ఇంక్యుబేటరు పెట్టెలో పెట్టాలంటే వేలూరు పోవాలి, బండి కదిలితే దారిలోనే పోతుంది, వెచ్చగా పెట్టుకుని చూడండి అన్నాడు. నేను ఆయన మాట విన్నాను. విని తప్పు చేశానా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు, నిన్ను ఓదార్చడానికి కూడా తెలుసని రాయలేను. ఆయా చెంగమ్మ పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "సొక్కా గుండీలు తియ్యప్పా. ఎదకు ఆనించుకో. దీపం ఏడి కంటే మనిసి ఏడి మేలు" అంది. అట్లాగే పెట్టుకుని వరండా చివర కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఎవరి పోలిక అని ఎవరినీ అడగలేక నువ్వు ఇన్నాళ్ళూ లోపల ఎంత నలిగావో. రాస్తున్నాను, చదువు. చెవులు నీవే. తమ్మెలు కిందికి జారకుండా చెంపకు అతుక్కుని ఉన్నాయి. తల నిండా జుట్టు, తడికి నుదుటి మీద అంటుకుపోయింది. రంగు నాది, ఏం చేస్తాం. గోళ్ళు నూక గింజలంత. నా చిటికెన వేలు పెడితే పట్టుకుంది. ఊరికే తగలడం కాదు, పట్టుకుంది. మళ్ళీ తీసుకోబోతే వదల్లేదు.

"ఊరికే కూసోకుండా ఏందన్నా మాట్లాడప్పా, నీ గొంతు ఇంటా ఉంటే ఊపిరి దీస్తాది" అంది చెంగమ్మ. నాకు లాలిపాటలు రావు. దేవుడి పేర్లు పలుకుదామంటే నోరు తిరగలేదు. నాకు వచ్చిందల్లా ఒక్కటే. సంచిలోంచి ఆ ఫిల్ము తీసి కిటికీ వెలుగుకు పట్టుకున్నాను. చూడమ్మా, ఇది మధ్యలోది, దీని చుట్టూ పది ఉన్నాయి చూడు, అందరూ లేవన్నారు, ఉన్నాయి, నేను చూశాను అని చెప్పాను. మీ అమ్మ అట్టముక్కలు పేర్చింది కదా, నువ్వప్పుడు కడుపులోనే ఉన్నావు, నీకు తెలుసు అని చెప్పాను. ఒకసారి కళ్ళు తెరిచింది. నా రెండేళ్ళ కష్టం ఫలించిందన్న సంగతి సార్‌కంటే ముందు, నీకంటే ముందు, మన బిడ్డ విన్నది.

వార్డులో మధ్యాహ్నం క్యారియర్ల చప్పుడు మొదలయ్యేవరకూ ఉంది. ఊపిరి ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. చెంగమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అత్త అప్పుడు నన్ను పక్కకు తీసుకుపోయింది. ఇది రాస్తున్నందుకు ఆమె నన్ను క్షమించాలి, కానీ ఇది తెలియకపోతే నీకు ఆమె మీద కోపం ఎప్పటికీ పోదు. నీకంటే ముందు ఆమెకు ఒక కొడుకు పుట్టి, కొన్నాళ్ళకే పోయాడు. నీకెప్పుడూ చెప్పలేదట. "వాని ఏడుపు ఈపొద్దుకీ నా చెవిలో ఉండాది నాయనా. అన్నం గలుపుతా ఉంటే ఇనిపిస్తాది. నా బిడ్డకు ఆ ఏడుపు వొద్దు. సచ్చి పుట్టిందని సెప్తే ఒకే తూరి ఏడ్చి మరిసిపోతాది. నీ కాళ్ళు పట్టుకుంటా" అని నిజంగానే వంగింది. పాలు తాగకుండా పోయిన బిడ్డకు మీ ఇంట్లో ఏ కర్మా చేయరు, పేరు పెట్టరు, పూడ్చిన చోటు తల్లికి చూపించరు. అందువల్ల ఆ మాట చెప్పడం చాలా సులువైపోయింది. నేను తల ఊపాను. నువ్వు కళ్ళు తెరిచి నా మొహంలోకి చూసినప్పుడు కూడా ఊపాను. ఆ రోజు ఆ మాట చక్కగానే అతికింది, ప్రశాంతీ. ఇప్పుడు నువ్వు అడిగినదానికి మా దగ్గర పట్టే ముక్క లేదు. ఆ ఏడుపు నీ చెవిలో పడకుండా చేయడం మా చేతిలో లేకపోయింది. అది నిజమని నీకు తెలియకుండా చేయడం మాత్రమే మా చేతనైంది. దానివల్ల నువ్వు బిడ్డనూ పోగొట్టుకున్నావు, నీ మీద నీకున్న నమ్మకాన్నీ పోగొట్టుకున్నావు. పోయిన నెల పూతలపట్టులో మీ ఇంటికి వచ్చి, కొలిమి పని ఉందని చెప్పి పూట కూడా ఉండకుండా బస్సెక్కాను కదా, అది కొలిమి కోసం కాదు. నీ ఎదుట కూర్చోలేక.

మీ తోటలో బావి దాటాక నీలం మామిడి చెట్టు ఉంది చూడు, దాని తూర్పు పక్కన. మామా నేనూ తవ్వాం. మామ పైన రాళ్ళు పేర్చాడు. అటు పాములున్నాయని నిన్ను పోనివ్వడం లేదని రాశావు. పాముల్లేవు. నీ బిడ్డ ఉంది.

అదే బిడ్డ మళ్ళీ వస్తుందా అని అడిగావు. వస్తుందని రాస్తే నీకు ఇవాళ్టికి హాయిగా ఉంటుంది, నాకూ ఉంటుంది. ఈ ఉత్తరంలో ఇంకో అబద్ధం రాయలేను. నా లోహంలో ఏ చిన్న భాగాన్ని తీసుకున్నా, అచ్చం అట్లాంటిది ఇంకోచోట ఎక్కడో దొరుకుతుంది. కానీ మొత్తానికి మొత్తం మాత్రం ఎంత జరిపినా మరోచోట సరిగ్గా కూర్చోదు. నాకు తెలిసింది అంతే. రేపు మనకు ఇంకో బిడ్డ పుడితే, ఆ చెవులు రావచ్చు. వేలు పట్టుకోవడమూ అట్లాగే ఉండవచ్చు. ఆమె మాత్రం ఒక్కసారే వచ్చింది. వచ్చి కొంచెంసేపు ఉండి పోయింది. ఆ కొంచెంసేపూ నీ దగ్గర లేకుండా నా దగ్గర ఉంది, అదొక్కటే నేను భరించలేకుండా ఉన్నాను.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. అత్తకు నేనే చెబుతాను. ఆమెను ఏమీ అనొద్దు, ఆమె ఇప్పటికి ఇద్దరి ఏడుపు మోస్తోంది. నన్ను ఏమైనా అను. అన్న తర్వాత తోట దాకా నాతో రా. రానంటే నేను బావి దగ్గర కూర్చుంటాను, నీకు రావాలనిపించినప్పుడు వద్దువుగాని. పేరు నేనొక్కణ్ణే పెట్టలేను. నువ్వు పెట్టాలి.

నిన్న డిపార్టుమెంటు ఎదురుగా టీ అంగడాయన, కొత్తగా వచ్చాడు, గ్లాసు చేతికిస్తూ, "పిల్లోళ్ళు ఎంతమంది సారూ?" అని అడిగాడు. "లేరప్పా" అన్నాను. టీ అక్కడే పారబోసి వచ్చేశాను. వచ్చి ఈ కాగితం తీశాను. ఇంకెవరు అడిగినా ఆ మాట అనను. ఒక కూతురు పుట్టింది, ఏడ్చింది, పోయింది అని చెబుతాను. వినేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటే ఉండనీ.

ఇట్లు,
మన బిడ్డ నాయన,
జయచంద్ర.